రెండు నదుల నడుమ ఒక చిన్న దేశం

ఏలూరుకు ఉత్తరాన సుమారు 12 కిలోమీటర్ల దూరంలో పెదవేగి ఉంది. ఇప్పుడది మండల కేంద్రం. ఒకప్పుడు వేంగీపురం పేరుతో ఒక దేశానికి రాజధాని. కృష్ణా గోదావరుల నడుమ నేలనంతా వేంగినాడు అనేవారు. పెంటపాడు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకలు అన్నీ అందులోవే.

ఈ నాడుకు పోలిక చెప్పాలంటే, మధ్యధరా సముద్రంలో సైప్రస్ అనే చిన్న ద్వీపదేశం ఉంది. దాన్ని పర్షియన్లు, రోమన్లు, వెనిస్ వర్తకులు, తుర్కులు, ఆంగ్లేయులు ఏలారు. 1960లో స్వతంత్రం వచ్చింది. పెద్ద రాజ్యాల ఓడలు నడిచే దారిలో ఉండటమే దాని రాతను నిర్ణయించింది. వేంగి సంగతీ అంతే.

ఇక్కడ తూర్పు కనుమలకూ సముద్రానికీ మధ్య ఉన్నది సన్నటి మైదానం. కళింగం నుంచి తమిళ దేశానికి సైన్యం నడవాలంటే ఇదే వీలైన దారి. ఒండ్రునేల కాబట్టి ఆ సైన్యానికి తిండి కూడా ఇక్కడే దొరుకుతుంది. దక్కను రాజులకు తూర్పు తీరపు రేవులు కావాలి. ఇలా మూడు దిక్కుల వాళ్ళకూ వేంగి అవసరమైంది. చెన్నై–హౌరా రైలు మార్గం నేటికీ ఈ మైదానం మీదుగానే పోతుంది.

వేంగి నుంచి మొదట ఏలిన వంశం శాలంకాయనులది. 4వ శతాబ్దంలో ఉత్తరాది చక్రవర్తి సముద్రగుప్తుడు ఓడించిన దక్షిణాది రాజుల్లో వేంగి హస్తివర్మ ఒకడని అలహాబాదు స్తంభశాసనం చెబుతుంది. వారి తర్వాత విష్ణుకుండినులు వచ్చారు. 7వ శతాబ్దం తొలినాళ్ళలో బాదామి నుంచి చాళుక్య రాజు రెండో పులకేశి దండెత్తాడు. 634 నాటి ఐహోళె శాసనంలో ఆ యుద్ధ వర్ణన ఉంది. అందులో నెత్తుటితో ఎర్రబడిందని చెప్పిన కునాల సరస్సు మన కొల్లేరే. గెలిచిన దేశాన్ని పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడికి అప్పగించాడు. తూర్పు చాళుక్య వంశం అలా మొదలైంది.

ఈ వంశం దాదాపు 450 ఏళ్ళు ఏలింది. అంతకాలమూ దాన్ని పీడించిన సమస్య ఒకటే, వారసత్వ తగాదా. పట్టం కోసం అన్నదమ్ములు పోట్లాడుకునేవారు. ఓడినవాడు పొరుగు చక్రవర్తిని ఆశ్రయించేవాడు. ఆయన సైన్యమిచ్చి పంపేవాడు. గెలిస్తే కొత్త రాజు ఆయనకు లోబడి ఉండాలి. తమ్ముడు భీమ సలుకి దక్కను రాజులైన రాష్ట్రకూటుల అండతో ఎదురు తిరిగినప్పుడు రెండో విజయాదిత్యుడు పన్నెండేళ్ళలో 108 యుద్ధాలు చేశాడని శాసనాలు అంటాయి. శాసనాల్లో పొగడ్త పాలు ఉంటుంది. అయినా ఎడతెగని యుద్ధమన్న మాట నమ్మదగిందే.

973లో వేంగి రాజు దానార్ణవుణ్ణి చంపి జటాచోడ భీముడు సింహాసనం తీసుకున్నాడు. దానార్ణవుడి కొడుకులు తమిళ దేశపు చోళుల దగ్గర తలదాచుకున్నారు. దాదాపు 27 ఏళ్ళకు రాజరాజ చోళుడి సాయంతో వాళ్ళు తిరిగి వచ్చారు. చిన్నవాడు విమలాదిత్యుడికి చోళుడు తన కూతురు కుందవనిచ్చాడు. వాళ్ళ కొడుకే రాజరాజ నరేంద్రుడు. ఆయన మీదికి సవతి తమ్ముణ్ణి ఉసిగొలిపింది దక్కనును ఏలే కల్యాణి చాళుక్యులు. అందుకే ఆయన పట్టాభిషేకం 1022 దాకా జరగలేదు.

ఆయన కొడుకు 1070లో కులోత్తుంగుడి పేరుతో చోళ సింహాసనమెక్కాడు. వేంగి రాజకుమారుడు చోళ సామ్రాజ్యానికి చక్రవర్తయ్యాడు. వేంగి మాత్రం ఆ సామ్రాజ్యంలో ఒక మండలంగా మిగిలింది. స్వతంత్ర రాజ్యంగా దాని చరిత్ర అక్కడితో ముగిసింది.

నా లెక్కలో వేంగి సాధించిన పెద్ద విజయం భాషది. శాలంకాయనుల శాసనాలు ప్రాకృతంలో, సంస్కృతంలో ఉన్నాయి. చాళుక్యులు కన్నడ సీమ నుంచి వచ్చారు. వాళ్ళ తామ్రశాసనాల్లో (రాగిరేకుల మీద చెక్కించిన రాజాజ్ఞల్లో) రాజుల పొగడ్త సంస్కృతంలో సాగుతుంది. దానమిచ్చిన పొలం హద్దులు చెప్పేచోట తెలుగు తొంగిచూస్తుంది. చెరువు, పుంత, గట్టు ఎక్కడున్నాయో ఊరి రైతుకు అర్థం కావాలి కదా. 9వ శతాబ్దం నడిమికి, గుణగ విజయాదిత్యుడి కాలపు అద్దంకి శాసనంలో, ఏకంగా తెలుగు పద్యమే కనిపిస్తుంది. తర్వాత రెండు శతాబ్దాలకు రాజమహేంద్రవరంలో, రాజరాజ నరేంద్రుడి కొలువులో, నన్నయ కవి భారతాన్ని తెలుగు చేయడానికి పూనుకున్నాడు.

చోళుల తర్వాత ఈ నేలకు కాకతీయులు, రెడ్లు, గజపతులు, గోల్కొండ సుల్తానులు వచ్చారు. 1753లో నిజాం తన కొలువులోని ఫ్రెంచి సైన్యం జీతాల కింద ఉత్తర సర్కారులు (తీరాంధ్ర పరగణాలు) వాళ్ళకిచ్చాడు. వాటిలో ఏలూరు సర్కారు ఒకటి. 1758లో చందుర్తి దగ్గర, మరుసటి ఏడు మచిలీపట్నంలో ఆంగ్లేయులు ఫ్రెంచివాళ్ళను ఓడించారు. 1766లో నిజాం సర్కారులను ఆంగ్లేయులకు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు పారి డెల్టా మాగాణి అయింది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు పెదవేగి ఏలూరు జిల్లాకు వెళ్ళింది. పెంటపాడు పశ్చిమ గోదావరిలో ఉండిపోయింది.

పెదవేగి దిబ్బల్లో పురావస్తు శాఖ తవ్వినప్పుడు పాత ఇటుక కట్టడాలు బయటపడ్డాయి. ఈ ప్రాంతపు పిల్లలు సైప్రస్ గురించి చదవవలసిందే. దానికి ముందు ఒక సెలవు రోజున వాళ్ళకు పెదవేగి చూపించండి.