ఊరు చేజారని చోటే విడిది

స్కీయింగ్ కోసం ఆల్ప్స్ పర్వతాల్లోని పాత పల్లెలకు వెళ్లేవాళ్లు లక్షలు పోసి కొనేది గది కాదు. మెత్తటి పరుపు, వేడినీళ్ల తొట్టి, అద్దాల గోడ హైదరాబాద్‌లోనూ దొరుకుతాయి. అక్కడ అమ్ముడుపోయేది ఊరు. స్విట్జర్లాండ్‌లో మాటర్‌హార్న్ శిఖరం కింద, సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉన్న జెర్మాట్‌నే తీసుకోండి. ఎంత ఖరీదైన కారులో వచ్చినా దాన్ని 5 కిలోమీటర్ల ముందే టాష్ అనే ఊళ్లో వదిలి రైలెక్కాలి. జెర్మాట్ వీధుల్లో తిరిగేవి దాదాపు అన్నీ చిన్న చిన్న బ్యాటరీ బండ్లే. ఊరి పాత పేటలో ఎండకు మాడి నల్లబడిన కర్ర గాదెలు ఇప్పటికీ ఉన్నాయి. వాటి కింద పొట్టి కర్ర కాళ్లు, ఒక్కో కాలికీ గాదెకూ మధ్య వెడల్పాటి గుండ్రటి రాతిపలక. కాలు పట్టుకుని పాకిన ఎలుక ఆ పలక దగ్గర ఆగిపోతుంది, గింజల దాకా చేరలేదు. ఇదంతా చూసి ముచ్చటపడే యాత్రికుడు అది కొండల అందం అనుకుంటాడు. నిజానికి అది ఊరి ఆస్తి ఊరి చేతుల్లోంచి జారకుండా చూసుకున్నవాళ్ల పట్టుదల ఫలితం. ఖమ్మం దాటి, భద్రాచలం దాటి, పాపికొండల వైపు సుఖంగా నాలుగు రోజులు గడిపి రావాలనుకునేవాళ్లు గది ఎలా ఉందని అడిగేముందు ఆ గది ఎవరిదని అడగాలని నా వాదన. ఇది దయాధర్మాల సంగతి కాదు, మన సుఖం సంగతే.

జెర్మాట్ మొదటినుంచీ డబ్బున్న ఊరు కాదు. 19వ శతాబ్దం మధ్యలో అది పశువులు మేపుకునే బీద పల్లె. 1850లలో అలెగ్జాండర్ జైలర్ అనే ఆయన వచ్చి ఒక చిన్న సత్రం తీసుకుని మోంటే రోసా హోటల్‌గా మార్చాడు. 1865లో ఎడ్వర్డ్ వింపర్ బృందం మాటర్‌హార్న్ ఎక్కడం, దిగేటప్పుడు నలుగురు చనిపోవడంతో ఆ ఊరి పేరు యూరప్ అంతా మోగింది. యాత్రికులు పెరిగారు, జైలర్ హోటళ్లూ పెరిగాయి. అప్పుడు ఊరివాళ్లు చేసిన పని గమనించదగ్గది. అడవులు, మేత భూములు ఉమ్మడిగా ఉన్న ఊరి పౌరసంఘంలో సభ్యత్వం ఇవ్వమని జైలర్ 1871లో అడిగితే ఇవ్వలేదు. ఆయన పరాయి దేశస్థుడేమీ కాదు, అదే వాలే రాష్ట్రం వాడు. వ్యవహారం ఫెడరల్ కోర్టు దాకా వెళ్లి, 1889లో గానీ ఆయనకు ఆ హక్కు దక్కలేదు. ఈలోపు ఊరు ఊరికే కూర్చోలేదు. పౌరసంఘమే సొంతంగా జెర్మాటర్‌హోఫ్ అనే పెద్ద హోటల్ కట్టి 1879లో తెరిచింది. ఆ అయిదు నక్షత్రాల హోటల్ ఇప్పటికీ సంఘానిదే. 3,100 మీటర్ల ఎత్తున గోర్నర్‌గ్రాట్ మీద ఉన్న హోటల్ కూడా సంఘానిదే. జైలర్ పట్ల ఊరు కాస్త మొండిగానే వ్యవహరించిందని ఒప్పుకోవాలి. కానీ ఆ మొండితనమే లేకపోతే వాళ్ల మనవలు తమ కొండ కిందే ఇంకొకరి హోటల్లో గిన్నెలు కడుగుతూ ఉండేవాళ్లు.

ఊరు చేసిన పనిని తర్వాత దేశమూ చేసింది. స్విట్జర్లాండ్‌లో నివాసం లేని విదేశీయులు అక్కడ ఇల్లు కొనడం మీద 1983 నాటి చట్టం ఒకటి ఉంది. విదేశీయులకు సెలవుల ఇళ్ల కోసం దేశం మొత్తం మీద ఏటా ఇచ్చే అనుమతులు 1,500కు మించవు. 2012 మార్చిలో జనమే ఓటు వేసి, ఏ ఊళ్లోనైనా ఏడాదిలో కొన్నాళ్లే తెరిచే రెండో ఇళ్లు మొత్తం ఇళ్లలో 20 శాతం దాటకూడదని తీర్మానించారు. నెగ్గింది 50.6 శాతంతో, అంటే బొటాబొటిగా. పర్యాటకం మీద బతికే కొండ రాష్ట్రాలే దాన్ని గట్టిగా వ్యతిరేకించాయి. అయినా ఆ తర్వాత స్విస్ పర్యాటకం కుప్పకూలలేదు.

ఇప్పుడు మన ఏజెన్సీ చట్టం వైపు చూడండి. షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధనలు 1959లో వచ్చాయి. 1970లో వాటిని సవరించారు. భద్రాచలం మన్యంలో చదువు రాని పెద్దాయన నోట కూడా ‘1/70’ అనే పేరు వినిపించడానికి కారణం ఆ సవరణే. దాని ప్రకారం గిరిజనుల భూమిని గిరిజనేతరులకు అమ్మితే చెల్లదు. గిరిజనేతరులు తమలో తాము అమ్ముకున్నా చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి ఒకప్పుడు గిరిజనుడిదేనని చట్టం భావిస్తుంది, కాదని రుజువు చేసుకోవలసిన భారం అతనిదే. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, ప్రభుత్వం కూడా ఏజెన్సీ భూములను ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదన్నది. అదే తీర్పు గిరిజనుల సహకార సంఘాలకు మాత్రం దారి తెరిచే ఉంచింది. స్విస్ వాళ్లది, మన వాళ్లది అక్షరాలా ఒకే చట్టం అనను, ఉద్దేశం మాత్రం దగ్గరి చుట్టరికమే.

దీనికి వెంటనే వచ్చే ఆక్షేపణ తెలిసిందే. ‘1/70 ఉన్నంతకాలం పెట్టుబడి రాదు, పెట్టుబడి రాకపోతే మంచి గదులు రావు, గదులు లేకపోతే యాత్రికులు రారు, గిరిజనుడు ఎక్కడివాడు అక్కడే.’ ఇందులో కొంత నిజం ఉంది. స్వేచ్ఛగా అమ్మలేని భూమిని తాకట్టు పెట్టుకోవడానికి బ్యాంకులు వెనకాడతాయి. చట్టం ఉన్నా బినామీ పేర్లతో భూములు చేతులు మారుతూనే ఉన్నాయన్నది ఏజెన్సీలో అందరికీ తెలిసిన రహస్యం. కానీ ఈ వాదన చేసేవాళ్లు పెట్టుబడినీ యాజమాన్యాన్నీ ఒకే గాటన కడుతున్నారు. జెర్మాట్‌లో జైలర్ డబ్బు పెట్టాడు, హోటళ్లు కట్టాడు. కానీ అడవి, మేత భూమి ఊరి చేతిలోనే ఉన్నాయి. కావలసింది చట్టం ఎత్తేయడం కాదు, సహకార సంఘాలకు అప్పు పుట్టే మార్గం. మారేడుమిల్లిలో అటవీ శాఖ తోడ్పాటుతో స్థానిక వన సంరక్షణ సమితులు యాత్రికులకు విడిది నడిపిన అనుభవం మన దగ్గరే ఉంది. దాని కోసం ఎవరి భూమీ కొనవలసి రాలేదు.

ఇక ప్రయాణం లెక్కకు వద్దాం. ఆల్ప్స్ స్కీయింగ్ సీజన్ డిసెంబర్ మధ్య నుంచి ఏప్రిల్ దాకా. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ధరలు ఆకాశంలో ఉంటాయి. చాలాచోట్ల ఇళ్లు శనివారం నుంచి శనివారం దాకా వారం లెక్కనే ఇస్తారు. వీసాకు ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మొదటిసారి వెళ్లేవాళ్లకు గది కన్నా ముందు కావలసింది మంచి శిక్షకుడు, కాలికి సరిగ్గా పట్టే అద్దె బూటు. పాపికొండలకూ అదను చలికాలమే, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. వానాకాలంలో గోదావరి ఎవరి మాటా వినదు. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. 2022 జూలైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. రైలులో వచ్చేవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ‘భద్రాచలం రోడ్’ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో, అక్కడి నుంచి గుడికి ఇంకా 40 కిలోమీటర్ల రోడ్డుంది. శ్రీరామనవమి, ముక్కోటి రోజుల్లో భద్రాచలంలో గది దొరకడం కష్టం, కాబట్టి విహారాన్ని ఆ తేదీలతో కలపకపోవడం మేలు. భద్రాచలం నుంచి శబరి గోదావరిలో కలిసే కూనవరం మీదుగా వీఆర్‌పురం మండలంలోని పోచవరం చేరితే అక్కడ లాంచీ ఎక్కవచ్చు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన మండలాలివి. కాబట్టి తెలంగాణ గుడి, ఆంధ్రా లాంచీ. యాత్రికుడికి సరిహద్దు పట్టదు గానీ ప్రమాదం జరిగినప్పుడు ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్నకు మాత్రం పడుతుంది.

ఆ ప్రశ్న ఊహించి వేసింది కాదు. 2019 సెప్టెంబర్ 15న దిగువన కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ అనే బోటు మునిగింది. గోదావరి వరద మీద ఉన్న రోజు అది. అందులో ఉన్న 77 మందిలో బయటపడ్డది 26 మందే. వాళ్లను ఒడ్డుకు చేర్చింది పడవలేసుకుని వచ్చిన కచ్చులూరు గిరిజనులు. ఊరి యాజమాన్యం మన సుఖం సంగతే అన్నది ఇందుకే. ఏ మలుపులో సుడి ఉంటుందో, ఏ రంగు నీరు వస్తే లాంచీ కట్టేయాలో ఆ ఒడ్డున పుట్టినవాడికి తెలుసు. అతను లాంచీలో కూలీ అయితే ‘ఈ రోజు వద్దు’ అనే మాటకు విలువ లేదు, యజమానుల్లో ఒకడైతే ఉంది. లైఫ్ జాకెట్ ఇచ్చారా, కంట్రోల్ రూమ్ అనుమతి ఉందా అని అడిగే యాత్రికుడు ‘సరంగు ఏ ఊరివాడు’ అని కూడా అడగడం మంచిది.

గోదావరి ఒడ్డున కొల్లూరు ఇసుక తిన్నెల మీది వెదురు గుడిసెల సంగతీ అంతే. నిలువు బొంగులు నాటి, చీల్చిన వెదురుతో అల్లిన తడికెలు గోడలుగా కట్టి, పైన కప్పు వేస్తారు. తెల్లవారుజామున ఆ తడికె సందుల్లోంచి చలిగాలి కోస్తుంది, కాబట్టి దుప్పటి తెచ్చుకోండి. వెదురు పని ఇక్కడి గిరిజనులైన కొండరెడ్లకు తరతరాల విద్య. భోజనానికి బొంగులో చికెన్. పచ్చి బొంగును కణుపు కింద కోసి, మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద దొర్లిస్తూ కాలుస్తారు. నూనె చుక్క వేయరు, బొంగులోని చెమ్మతోనే ఉడుకుతుంది. ఎండు బొంగు పనికిరాదు, కూర ఉడికే లోపే అంటుకుంటుంది. అంటే ప్రతి కూరకూ అడవి నుంచి ఒక పచ్చి బొంగు ముక్క రావాలి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా లెక్కగట్టి దాని మీద హక్కు అడవిలో ఉండే గిరిజనులకు ఇచ్చింది. కాబట్టి గుడిసె అద్దెలో, కూర ధరలో వెదురు కొట్టినవాడి వాటా ఎంత అని అడగడం అతి కాదు. జెర్మాట్‌లో ఆ ప్రశ్న అడగనక్కర్లేదు, వాళ్లు ఎప్పుడో తేల్చేసుకున్నారు.

ఈ రెండు కొండ ప్రాంతాలకూ మధ్య ఒక మనిషి ఉన్నాడు. ఆల్ప్స్ దేశమైన ఆస్ట్రియాలో, వియన్నాలో పుట్టిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. రెండో ప్రపంచయుద్ధం వేళ శత్రుదేశం పాస్‌పోర్టుతో హైదరాబాద్ సంస్థానంలో చిక్కుకుపోయిన ఈ మానవశాస్త్రవేత్త ఆ కాలాన్ని గిరిజన గూడేల్లో గడిపాడు. పాపికొండల కొండరెడ్ల మీద ఆయన పుస్తకం 1945లో వచ్చింది. పోడు సేద్యం, జాతర్లతోపాటు కలప, వెదురు వ్యాపారులు అప్పుల ఉచ్చులో రెడ్లను ఎలా బిగించారో కూడా ఆయన రాశాడు. ఆనాటి వ్యాపారి కొన్నది వెదురు, ఇప్పుడు అమ్ముడయ్యేది దృశ్యం. లాభం ఏ దారిన ఊరు దాటిపోతుందో ఆ లెక్క పెద్దగా మారలేదు.

గిరిజన పల్లెను విహారస్థలం చేయడమే తప్పు, వాళ్ల బతుకును బొమ్మల కొలువు చేయడమే అవుతుందని కొందరంటారు. భోజనం వేళకు కొమ్ముకోయ నృత్యం ఏర్పాటు చేస్తాం అని చెప్పే ప్యాకేజీలను చూస్తే ఆ కోపం న్యాయమే. ఆల్ప్స్ హోటళ్లలోనూ జానపద సంగీతపు రాత్రులుంటాయి, అవన్నీ గొప్పగా ఉంటాయని చెప్పలేను. తేడా ఒక్కటే. ఎప్పుడు ఆడాలో, ఎప్పుడు తలుపు వేసుకోవాలో అక్కడ ఊరు నిర్ణయిస్తుంది. భూమి పండుగ రోజుల్లో గూడెం తనకు తాను మూసుకునే వీలుంటే, మిగతా రోజుల్లో అతిథిని పిలవడంలో చిన్నతనం లేదు.

అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ వేరే ఉంది. పోలవరం జలాశయం 150 అడుగుల పూర్తిస్థాయికి నిండితే ఈ గూడేల్లో చాలా భాగం నీటి కింద ఉంటుంది, మునిగిపోయే ఊళ్లకు యాజమాన్యం ఎందుకు అని. దీనికి జవాబు కూడా ఆల్ప్స్‌లోనే ఉంది. ఫ్రాన్స్‌లోని తీన్ అనే పల్లెను 1952లో ఆనకట్ట కోసం ముంచేశారు. జనాన్ని పోలీసులతో ఖాళీ చేయించారు, శ్మశానంలోని అస్థికలు సైతం తరలించారు. ఆ తర్వాత అంతకన్నా ఎత్తున, 2,100 మీటర్ల దగ్గర కొత్త తీన్ లేచింది. 1992 వింటర్ ఒలింపిక్స్‌లో కొన్ని స్కీయింగ్ పోటీలు అక్కడే జరిగాయి. నిర్వాసితుల దుఃఖాన్ని అది తీర్చిందనడం అన్యాయం. కానీ మునిగిన ఊరి పక్కన పుట్టే పర్యాటకం ఎంత పెద్దదవుతుందో మాత్రం అది చూపించింది. పాపికొండల మధ్య నిశ్చలంగా నిలిచే అంత పెద్ద నీటి మీద రేపు లాంచీలు, తేలే కాటేజీలు రాకుండా ఉండవు. వాటి లైసెన్సులు ఎవరికి? 1996 నాటి పెసా చట్టం పంచాయతీలకు అప్పగించింది చిన్న నీటి వనరుల నిర్వహణను మాత్రమే, పోలవరం ఆ లెక్కలోకి రాదు. పునరావాస కాలనీల్లోని కోయ, కొండరెడ్డి సంఘాలకు బోటింగ్‌లో, చేపల వేటలో మొదటి హక్కు ఉండాలంటే దానికి ప్రత్యేక ఉత్తర్వు కావాలి. అది జలాశయం నిండకముందే, టెండర్లు పిలవకముందే రావాలి.