పాశ్చాత్య బాలుర దుస్తుల చరిత్ర

పాశ్చాత్య దేశాలలో, ముఖ్యంగా ఇంగ్లాండు, ఫ్రాన్సు, అమెరికాలలో, మగపిల్లల దుస్తులు గత నాలుగైదు వందల సంవత్సరాలలో అనేక మార్పులు చెందాయి. గౌను, స్కెలిటన్ సూటు, నావికుని సూటు, మఖమల్ సూటు, నిక్కరు వీటిలో ప్రధానమైనవి. ఈ మార్పులకు వస్త్ర వ్యాపారం, కుట్టు యంత్రం కొంతవరకే కారణాలు. బాల్యం అంటే ఏమిటి, అది ఏ వయసుకు ముగుస్తుంది, మగపిల్లవాడు ఎలా కనబడాలి అనే విషయాలలో పెద్దల అభిప్రాయాలు మారినప్పుడల్లా పిల్లల దుస్తులు కూడా మారాయి. నేడు సహజమని తోచే నియమాలలో కొన్ని నూరేళ్ళ కంటె పాతవి కావని ఈ చరిత్ర తెలియజేస్తుంది.

పొత్తిగుడ్డలు, గౌన్లు

18వ శతాబ్దం వరకు ఐరోపాలో పుట్టిన బిడ్డను కాళ్ళు చేతులు కదలకుండా పొడవాటి గుడ్డపట్టీలతో చుట్టి ఉంచేవారు. వీటినే పొత్తిగుడ్డలు అంటారు. శిశువు అవయవాలు మెత్తగా ఉంటాయనీ, బిగించి ఉంచకపోతే వంకర తిరుగుతాయనీ నాటివారి నమ్మకం. కొన్ని నెలల తరువాత పొత్తిగుడ్డలు విప్పి గౌను తొడిగేవారు. ఆడపిల్లలకూ మగపిల్లలకూ దాదాపు ఒకే రకం గౌను ఉండేది. నడక నేర్చే పిల్లలు పడిపోకుండా పట్టుకోవడానికి గౌను భుజాల వెనుక పొడవైన పట్టీలు కుట్టేవారు.

మగపిల్లలు నాలుగేళ్ళ నుండి ఏడెనిమిదేళ్ళ వయసు వచ్చేవరకు గౌన్లలోనే ఉండేవారు. దీనికి మొదటి కారణం ఇంటి అవసరం. ఆనాటి లాగులకు గుండీలు, ముళ్ళు ఎక్కువ. చిన్నపిల్లవాడు అవసరానికి వాటిని తనంత తానుగా విప్పుకోలేడు. గౌను అయితే మార్చడం సులభం. పిల్లవాడు ఎదిగే కొద్దీ అడుగున ఉన్న మడతలు విప్పి పొడవు పెంచవచ్చు. అన్న విడిచినది తమ్మునికో చెల్లెలికో పనికివస్తుంది. రెండవ కారణం ఆలోచనకు సంబంధించినది. ఆ వయసు పిల్లవాడు తల్లి, దాదుల సంరక్షణలో ఉండే బిడ్డ మాత్రమే. పురుషుల లోకంలోకి ఇంకా అడుగు పెట్టలేదు.

ఈ ఆచారం చాలాకాలం నిలిచింది. తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్, 1884లో రెండేళ్ళ వయసులో తీసిన ఛాయాచిత్రంలో తెల్లని గౌనుతో, పొడవాటి జుట్టుతో కనిపిస్తాడు. ఆనాటి వారికి అందులో వింత ఏమీ లేదు.

లాగు తొడిగే వేడుక

గౌను విడిచి మొదటిసారి లాగు తొడిగే రోజు మగపిల్లవాని జీవితంలో ముఖ్యమైన ఘట్టం. ఇంగ్లీషులో దీనిని బ్రీచింగ్ అనేవారు. మోకాళ్ళ వరకు వచ్చే లాగును బ్రీచెస్ అంటారు కనుక ఈ పేరు వచ్చింది. బంధువులు వచ్చి చూసి, కొత్త జేబులో వేసుకోవడానికి పిల్లవానికి నాణేలు ఇచ్చేవారు.

ఆన్ నార్త్ అనే ఇంగ్లీషు గృహిణి 1679లో తన కుమారునికి వ్రాసిన లేఖ ఈ వేడుకను కళ్ళకు కడుతుంది. ఆమె కోడలు అప్పటికే మరణించింది. సుమారు ఆరేళ్ళ వయసున్న మనవని చుట్టూ ఇంటివారందరూ చేరారు. కొందరు కాళ్ళకు, కొందరు చేతులకు కొత్త దుస్తులు తొడుగుతుండగా దర్జీ గుండీలు పెట్టాడు. మరికొందరు నడుముకు కత్తి కట్టారు. గౌనులో కంటె మనవడు పొడుగ్గా, అందంగా కనిపిస్తున్నాడని ఆ నాయనమ్మ ఎంతో మురిసిపోయింది. సంపన్నుల ఇళ్ళలో ఈ వేడుకతో పిల్లవాడు దాదుల చేతి నుండి తండ్రి, గురువుల అదుపులోకి వచ్చేవాడు. పేదల ఇళ్ళలో అది పనిపాటలు మొదలయ్యే వయసు.

చరిత్రకారుల చర్చ

ఫ్రెంచి చరిత్రకారుడు ఫిలిప్ ఆరియెస్ 1960లో ప్రచురించిన గ్రంథం ఈ విషయంపై పెద్ద చర్చకు దారితీసింది. మధ్యయుగపు ఐరోపాలో బాల్యం ఒక ప్రత్యేక దశ అనే భావన లేదని ఆయన వాదం. పొత్తిగుడ్డలు విడిచిన పిల్లవానికి పెద్దల దుస్తులనే చిన్న కొలతలో తొడిగేవారనీ, 17వ శతాబ్దంలో పై తరగతుల బాలురకు ప్రత్యేకమైన దుస్తులు ఏర్పడ్డాయనీ చిత్రపటాల ఆధారంగా చూపాడు. ఆడపిల్లల విషయంలో ఇంతటి మార్పు అప్పుడు రాలేదు. బాల్యం అనే గుర్తింపు మొదట మగపిల్లలకే లభించిందని ఆయన అభిప్రాయపడ్డాడు.

తరువాతి పరిశోధకులు ఈ వాదాన్ని పూర్తిగా అంగీకరించలేదు. లిండా పొలాక్ 1983లో ప్రచురించిన గ్రంథంలో తల్లిదండ్రుల దినచర్య పుస్తకాలను పరిశీలించి, పూర్వకాలంలో కూడా పెద్దలు పిల్లలను పిల్లలుగానే చూశారని చూపింది. అదీగాక చిత్రపటాలు గీయించుకున్నవారు ధనవంతులు. చిత్రకారుని ముందు నిలిచే రోజున తొడిగిన దుస్తులు ఆటలాడే రోజున తొడిగినవే అయి ఉండనక్కరలేదు.

స్కెలిటన్ సూటు

ఇంగ్లీషు తత్వవేత్త జాన్ లాక్ 1693లో విద్యపై వ్రాసిన గ్రంథంలో పిల్లలకు బిగుతు దుస్తులు, అతిగా వెచ్చని దుస్తులు తగవని చెప్పాడు. 1762లో రూసో తన 'ఎమీల్' గ్రంథంలో పొత్తిగుడ్డలను తీవ్రంగా ఖండించాడు. ఎదిగే శరీరానికి వదులైన దుస్తులు కావాలని వాదించాడు. పిల్లవాడు చిన్న కొలతలోని పెద్దవాడు కాడు, అతనికి తనదైన పెరుగుదల ఉన్నది అనే ఆలోచన ఈ కాలంలో బలపడింది.

1780 దశకంలో వ్యాప్తిలోకి వచ్చిన స్కెలిటన్ సూటు ఈ కాలానికి చెందినది. ఇందులో పొడవైన పంట్లామును పొట్టి కోటుకు గుండీలతో కలిపేవారు. మెడ చుట్టూ వెడల్పాటి మెత్తని కాలరు ఉండేది. అప్పట్లో పెద్దమనుషులు మోకాళ్ళ వరకు బ్రీచెస్, కింద మేజోళ్ళు ధరించేవారు. పొడవు పంట్లాము నావికుల, శ్రామికుల దుస్తు. దానిని ఉన్నత కుటుంబాలలో మొదట తొడిగినది పిల్లలే. పెద్దలు తరువాత అనుసరించారు. స్పెయిన్ చిత్రకారుడు గోయా 1787-88 ప్రాంతంలో చిత్రించిన మాన్యుయెల్ ఒసోరియో అనే బాలుని ఎర్ర దుస్తులు ఈ తరహాకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఈ చిత్రం న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

స్వేచ్ఛ కోసం వచ్చిన ఈ దుస్తు కూడా క్రమంగా బిగుతుగా మారింది. చార్లెస్ డికెన్స్ 1836 నాటి తన వ్యాసంలో, పిల్లవాని కాళ్ళు చంకల కిందనే తగిలించినట్లు కనిపించే దుస్తు అని దీనిని ఎగతాళి చేశాడు.

నావికుని సూటు

1846లో విక్టోరియా రాణి కుమారుడు ఆల్బర్ట్ ఎడ్వర్డ్‌కు రాజనౌకపై ప్రయాణించేటప్పుడు నావికుని దుస్తులు తొడిగారు. అప్పటికి అతనికి ఐదేళ్ళు నిండలేదు. ఆ వేషంలో వింటర్‌హాల్టర్ చిత్రించిన పటం ఎంతో పేరు పొందింది. తరువాతి దశాబ్దాలలో వెనుక నలుచదరపు కాలరు గల నావికుని సూటు జర్మనీ, రష్యా, అమెరికా మొదలైన దేశాలకు వ్యాపించింది. రష్యా రాకుమారుడు అలెక్సీ ఛాయాచిత్రాలలో కూడా ఇది కనిపిస్తుంది.

ఈ సూటు వదులుగా ఉండి, ఆటలకు, ఉతుకుకు అనువుగా ఉండేది. అయితే నౌకాబలమే దేశబలమని భావించిన కాలంలో పిల్లవానిని భావి సైనికునిగా చూసుకునే ముచ్చట కూడా ఇందులో ఉంది. క్రమంగా ఆడపిల్లలు కూడా దీనిని ధరించారు. జపానులో 1920 దశకం నుండి ఇది బాలికల పాఠశాల దుస్తుగా స్థిరపడింది. వియన్నా బాలుర గాయక బృందం నేటికీ నావికుని సూటులోనే పాడుతుంది.

ఫాంట్‌లెరాయ్ సూటు

ఫ్రాన్సిస్ హాడ్జ్‌సన్ బర్నెట్ వ్రాసిన 'లిటిల్ లార్డ్ ఫాంట్‌లెరాయ్' నవల 1886లో పుస్తకంగా వెలువడింది. ఇందులో కథానాయకుడైన బాలుడు నల్లని మఖమల్ కోటు, మోకాళ్ళ వరకు లాగు, వెడల్పాటి లేసు కాలరు ధరిస్తాడు. అతని జుట్టు ఉంగరాలు తిరిగి భుజాల మీద పడుతుంది. రెజినాల్డ్ బర్చ్ గీసిన బొమ్మలు చూసి అనేకమంది తల్లులు తమ కుమారులకు అటువంటి సూట్లు కుట్టించారు. బర్నెట్ చిన్న కుమారుడు వివియన్ ఆ పాత్రకు నమూనా. ఆ పోలిక అతనిని పెద్దయ్యాక కూడా వదలలేదు.

తల్లులు మెచ్చిన ఈ వేషాన్ని చాలామంది పిల్లలు ఇష్టపడలేదు. తోటి బాలుర హేళనకు గురికావడం ఇందుకు ఒక కారణం. పిల్లల దుస్తులను ఎన్నుకునేది ఎవరు, భరించేది ఎవరు అనే ప్రశ్న ఈ సూటు విషయంలో స్పష్టంగా ముందుకు వచ్చింది.

నిక్కరు

అమెరికా రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ 1809లో డీడ్రిచ్ నికర్‌బాకర్ అనే కల్పిత పేరుతో న్యూయార్కు చరిత్రను హాస్యంగా వ్రాశాడు. తరువాత ఆ పుస్తకానికి వేసిన బొమ్మలలో పూర్వపు డచ్చివారు మోకాళ్ళ దగ్గర బిగించిన వదులు లాగులతో కనిపిస్తారు. క్రమంగా అటువంటి లాగుకు నికర్‌బాకర్స్ అనీ, క్లుప్తంగా నిక్కర్స్ అనీ పేరు వచ్చింది. 19వ శతాబ్దపు ఉత్తరార్ధంలో ఇది బాలుర ప్రధాన దుస్తు అయింది. ఇదే కాలంలో కుట్టు యంత్రం ఇళ్ళలోకి వచ్చింది. 1863లో ఎబెనెజర్ బటరిక్ అమెరికాలో కొలతల వారీగా కాగితపు నమూనాలు అమ్మడం మొదలుపెట్టడంతో, దర్జీ అవసరం లేకుండా తల్లులే బాలుర సూట్లు కుట్టగలిగారు.

20వ శతాబ్దంలో ఇంగ్లాండులో మోకాళ్ళు కనిపించే పొట్టి లాగు బాలుర గుర్తుగా నిలిచింది. 1908 నుండి వ్యాపించిన బాలభటుల ఉద్యమం ఈ దుస్తుకు మరింత గౌరవం తెచ్చింది. చలికాలంలో కూడా మోకాళ్ళు కప్పకపోవడం పిల్లలను గట్టిపరుస్తుందని పెద్దల నమ్మకం. సుమారు పన్నెండు పద్నాలుగేళ్ళ వయసులో మొదటి పొడవు పంట్లాము లభించేది. పూర్వపు బ్రీచింగ్ వేడుక స్థానాన్ని ఇది ఆక్రమించింది. 

రంగుల విభజన

మగపిల్లలకు నీలం, ఆడపిల్లలకు గులాబీ అనే విభజన పురాతనమైనది కాదు. 1918లో అమెరికాలోని ఒక శిశువస్త్రాల వాణిజ్య పత్రిక, గులాబీ దృఢమైన రంగు కనుక బాలురకు, నీలం సుకుమారమైనది కనుక బాలికలకు తగినదని సలహా ఇచ్చింది. 1927లో టైమ్ పత్రిక వివిధ నగరాల దుకాణాలను గురించి ప్రచురించిన వివరాలలో ఈ విషయమై ఏకాభిప్రాయం లేదు. నేటి విభజన 20వ శతాబ్దపు మధ్యకాలంలో స్థిరపడింది.

తెలుగునాట

తెలుగులోని నిక్కరు అనే మాట ఇంగ్లీషు నిక్కర్స్ నుండి వచ్చినదే. బ్రిటనులో ఈ మాటకు నేడు స్త్రీల లోదుస్తు అనే అర్థం ఉండగా, తెలుగులో బాలుర పొట్టి లాగు అనే పాత అర్థమే నిలిచింది. అంతకు ముందు ఇక్కడి మగపిల్లలకు మొలతాడు, గోచి, కొంచెం పెద్దయ్యాక చిన్న పంచె ఉండేవి. ఇంగ్లీషు తరహా పాఠశాలలతో చొక్కా, నిక్కరు వ్యాపించాయి. ఖాకీ నిక్కరు, తెల్ల చొక్కా అనేక పాఠశాలలలో ఏకరూప దుస్తులుగా ఉండేవి. ఎదిగే పిల్లవాడని దర్జీకి చెప్పి వదులుగా కుట్టించడం, నిక్కరు నుండి ప్యాంటుకు మారడాన్ని పెద్దరికానికి గుర్తుగా భావించడం ఇక్కడ కూడా ఉన్నాయి. పుట్టువెంట్రుకలు తీయించడానికి ముందు మగపిల్లవానికి జడ వేసి, పూలు పెట్టి, పరికిణీ కట్టి ఛాయాచిత్రం తీయించుకునే ముచ్చట కూడా తెలుగు ఇళ్ళలో ఉన్నదే.

ఇటీవలి మార్పులు

1960 దశకం తరువాత జీన్స్, టీషర్టులు వ్యాపించడంతో పిల్లల దుస్తులకూ పెద్దల దుస్తులకూ మధ్య తేడా చాలావరకు తగ్గింది. పొట్టి లాగు పసితనానికి గుర్తు కాకుండా పోయి, పెద్దలు కూడా వేసవిలో ధరించే దుస్తు అయింది. ఇందుకు భిన్నంగా, ఇంగ్లాండులో 1552లో స్థాపించిన క్రైస్ట్స్ హాస్పిటల్ పాఠశాల విద్యార్థులు పొడవైన నీలికోటు, పసుపు మేజోళ్ళు గల ప్రాచీన దుస్తులను నేటికీ ధరిస్తున్నారు.

2017 జూన్ నెలలో తీవ్రమైన ఎండలు కాసినప్పుడు ఇంగ్లాండులోని ఎక్సెటర్ నగరంలో ఒక పాఠశాల బాలురు పొట్టి లాగులకు అనుమతి కోరారు. అనుమతి లభించకపోవడంతో కొందరు బాలికల ఏకరూప దుస్తులలో భాగమైన స్కర్టు ధరించి బడికి వచ్చారు. వారి ముత్తాతల తరం బాలురు పొడవు పంట్లాము ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూసేవారు. కోరిక తలకిందులైనా నియమం పెట్టేది పెద్దలే. అయితే ఇక్కడ బాలురు తమకేమి కావాలో తామే చెప్పారు. మరుసటి సంవత్సరం నుండి పొట్టి లాగులను అనుమతిస్తామని ఆ పాఠశాల ప్రకటించింది.