కొబ్బరి పీత కలబడితే...

పులిజూదం మీరు ఆడే ఉంటారు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేకను చంపగలదు, మేక పులిని చంపలేదు. అయినా మేకలన్నీ కూడి కదలకుండా కట్టేస్తే పులి ఓడినట్టే. బలాలు వేరైనా ఆట సమంగా సాగుతుంది.

1974లో అమెరికాలో వెలువడిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' వంటి పాత్రధారణ ఆటల్లోనూ చిక్కుముడి ఇదే. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడిపిస్తారు. మిగిలినవారు కత్తివీరుడు, విలుకాడు, మాంత్రికుడు ఇలా తలా ఒక కోవకు చెందిన పాత్ర ధరిస్తారు. దెబ్బ తగిలిందో లేదో పాచిక తేలుస్తుంది. కావాలంటే సొంతంగా ఒక కొత్త కోవను కల్పించుకోవచ్చు. అయితే కల్పించినవాడికి తన సృష్టి మీద మమకారం ఎక్కువ. నాలుగు శక్తులు అదనంగా తగిలిస్తాడు. ఇక మిగతావాళ్లు చూస్తూ కూర్చోవలసిందే. కొన్నాళ్లకు బల్ల దగ్గరికి రావడమే మానేస్తారు.

దగ్గరికి వెళ్లి కలబడే యోధుణ్ణి కల్పించాలంటే మన దేశంలోనే ఒక మంచి నమూనా ఉంది. నికోబార్ దీవుల్లోనూ, అండమాన్‌లోని దక్షిణ సెంటినల్ దీవిలోనూ కనిపించే కొబ్బరి పీత అది. నేలమీద బతికే సంధిపాద జీవుల్లో దీన్ని మించినది లేదు. జపాన్ శాస్త్రవేత్తలు 2016లో ప్రచురించిన పరిశోధనలో దీని డెక్క పట్టు 1,765 న్యూటన్ల దాకా నమోదయింది. అంటే సుమారు 180 కిలోల బరువు మోపినంత! కానీ ఈ బలానికి ప్రకృతి వెల కట్టింది. పెద్దదైన పీత ఈదలేదు, నీళ్లలో ఎక్కువసేపు ఉంటే చచ్చిపోతుంది. పెరగాలంటే పెంకు విడవాలి. కొత్త పెంకు గట్టిపడేదాకా బొరియలో దాక్కోవాలి. (వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికి రక్షణ కల్పించింది. కాబట్టి మన పీతను కాగితం మీదే పట్టుకుందాం.)

ఇప్పుడు లెక్క. మన ఆటలో కత్తివీరుడు ఆరు ముఖాల పాచికపై 4, 5, 6 పడితే 6 పాయింట్ల దెబ్బ కొడతాడనుకోండి. సంభావ్యత సగం, కాబట్టి వంతుకు సగటు 3. పీత యోధుడికీ 4, 5, 6 పడితే పట్టు చిక్కుతుంది, కానీ దెబ్బ 4 పాయింట్లే. పట్టు ఉన్నంతకాలం పాచిక వేయకుండానే ప్రతి వంతులో మరో 4. శత్రువు తన వంతులో 5 గాని 6 గాని వేస్తే విడిపించుకుంటాడు.

పట్టు దొరకడానికి సగటున 2 వంతులు పడుతుంది. తప్పించుకునే సంభావ్యత మూడింట ఒకటి గనుక ఒక పట్టుకు సగటున 3 దెబ్బలు. మొదటి దెబ్బ పట్టిన వంతులోనే పడుతుంది కాబట్టి మొత్తం 4 వంతుల్లో 12 పాయింట్లు. సగటు మళ్లీ 3! సగటు ఒకటే, ఆట తీరు మాత్రం వేరు. పీతకు మొదటి వంతులో సగటు 2 మాత్రమే, రెండో వంతులో 2.67. చిన్నచిన్న శత్రువులు పదిమంది వస్తే కత్తివీరుడే మేలు. ఒక్క మహాకాయుడు వస్తే పీతే మేలు, ఎందుకంటే పట్టులో ఉన్నవాడు కదలలేడు. అయితే పట్టినంతసేపు పీతా కదలలేదు.

పీతకు వంతుకు రెండు గడుల నడక, మిగతావాళ్లకు మూడు గడులు ఇవ్వండి. విలుకాడు వెనక్కి జరుగుతూ బాణాలు వేస్తుంటే పీత ఎన్నటికీ అందుకోలేదు. దారి అడ్డగించడానికి స్నేహితుడు కావాలి. పెంకు విడవడాన్ని కూడా నియమంగా చేర్చవచ్చు: రెండు వంతులు దాడి చేయకుండా దాక్కుంటే 6 ప్రాణ పాయింట్లు తిరిగొస్తాయి. రెండు వంతుల్లో కొట్టగలిగే సగటు దెబ్బ కూడా 6 కదా! ఎప్పుడు దాక్కోవాలన్నది ఆటగాడే తేల్చుకోవాలి. నా దృష్టిలో ఈ కోవకు రుచి తెచ్చేది డెక్క కాదు, ఈ సందిగ్ధమే.

అంకెలు కాగితం మీద కుదిరినా పది పోరాటాలు ఆడి చూడండి. తప్పించుకోవడానికి 6 ఒక్కటే పడాలని మారిస్తే, ఒక పట్టుకు 6 దెబ్బలు; 7 వంతుల్లో 24 పాయింట్లు, సగటు 3.43. తేడా స్వల్పంగానే కనిపిస్తుంది. కానీ శత్రువు పాత్ర వేసినవారు వరుసగా ఐదారు వంతులు చేతులు కట్టుకు కూర్చోవాలి.