బానిసత్వమున మొలచిన స్వేచ్ఛ: ఎడ్మండ్ మార్గన్ చరిత్రకృషి

మానవుల సమానత్వమును లోకమునకు జాటిన 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను రచించిన జెఫర్సను తన జీవితకాలమున 600కు మించిన బానిసలకు యజమానుడు. వాషింగ్టను, మాడిసనులును అట్టివారే. మువ్వురును వర్జీనియా భూస్వాములు. దీనిని గొందఱు కాలధర్మమని సరిపెట్టిరి. కొందఱు కపటమని నిందించి యూరకుండిరి. ఎడ్మండ్ మార్గన్ పండితుడు మాత్రము ఇది యెట్లు సంభవించెనని ప్రశ్నించెను.

ఈయన 1916లో మినియాపొలిసు నగరమున జన్మించెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున పెర్రీ మిల్లరు శిష్యుడై ప్యూరిటనుల చరిత్ర నభ్యసించి, 1942లో డాక్టరేటు పట్టమందెను. మొదట యుద్ధమును నిరాకరించిన శాంతివాది యైనను, 1940లో ఫ్రాన్సు పతనమైన పిమ్మట మనసు మార్చుకొని, రాడారు పరిశోధనశాలలో యంత్రపు బనివాడయ్యెను. గ్రంథము పట్టిన చేయి లోహమును జెక్కుట మన పండితలోకమున నరుదు. యుద్ధానంతరము బ్రౌను విశ్వవిద్యాలయమునను, 1955 నుండి 1986 వఱకు యేలునను బోధించెను. 1953లో భార్య హెలెనుతో గూడి స్టాంపు చట్టమును గూర్చి గ్రంథమును ప్రకటించెను.

ఆయన కీర్తికి మూలము 1975లో వెలువడిన 'అమెరికను బానిసత్వము, అమెరికను స్వేచ్ఛ'. 1619లో వర్జీనియాలో ప్రతినిధిసభ ప్రథమముగ గూడెను. ఆ యేడే ఇరువదిమందికి బైగా ఆఫ్రికావారచట విక్రయింపబడిరి. అయినను పొగాకు చేలలో జిరకాలము శ్రమించినవారు ఆంగ్లేయ నిరుపేదలే. వారు ఓడకేవు చెల్లింపలేక, కొన్ని సంవత్సరములు కొలువు చేయుదుమని పత్రము వ్రాసియిచ్చి వచ్చినవారు. వారిలో ననేకులు గడువు తీఱకమునుపే మరణించుచుండిరి. మరణములు తగ్గినకొలది గడువు తీఱినవారు భూమి గోరిరి. మంచి భూములన్నియు నంతకుముందే పెద్దల వశమయ్యెను. చేత దుపాకియు, కడుపున నాకలియు గల యీ స్వతంత్రులు 1676లో బేకను నాయకత్వమున దిరుగబడి జేమ్సుటౌను నగరమును దగులబెట్టిరి. తుదివఱకు లొంగని యొక దండులో నల్లవారెనుబదిమందియు, ఆంగ్లేయులిరువదిమందియు భుజము భుజము గలిపి నిలిచిరి.

పిమ్మట దొరలు బానిసలను విరివిగా గొనసాగిరి. ఇది ముందుగ బన్నిన కుట్ర యని మార్గన్ చెప్పలేదు. దీర్ఘకాలము బ్రతుకువానిని శాశ్వతముగ గొనుట లాభసాటి. తల్లి బానిస యైనచో బిడ్డయు బానిసయే యని 1662 నాటి చట్టము. పాలేరుల జీతపు లెక్కలెఱిగిన కుటుంబములవారికి ఈ గణితమును విప్పిచెప్ప నక్కఱలేదు. కాని ఫలము మిక్కిలి దూరము పాఱెను. బానిసకు గడువు లేదు, భూమి లేదు, తుపాకి లేదు. 1705 నాటి చట్టములు తెల్లపేదను నల్లవానికన్న నొక మెట్టు పైన నిలిపెను. అణగద్రొక్కవలసిన వర్గము వేఱొకటి యేర్పడుటచే, దొరయు చిన్నరైతును సమానులమని తలపోయగలిగిరి. సమానత్వమును జాటుట వర్జీనియా పెద్దలకు నిరపాయమయ్యెను.

వర్ణద్వేష మంతకు బూర్వమే కలదని కొందఱు చరిత్రకారు లాక్షేపించిరి. ఆ వాదమున బలము గలదు. అయినను ద్వేషము చట్టముగ నెట్లు ఘనీభవించెనో మార్గన్‌వలె జూపినవా రరుదు.

86వ యేట, 2002లో, ఫ్రాంక్లిను చరిత్రను వెలువరించెను. అది విశేషముగ నమ్ముడువోయెను. 2006లో పులిట్జరు సంస్థ ప్రత్యేక ప్రశంస నిచ్చెను. 2013 జూలై 8న న్యూహేవెనులో 97వ యేట గతించెను.