తెగిన చెయ్యి... తెగని నొప్పి!

బనగానపల్లె అనగానే బయటివాళ్లకు మామిడిపండు గుర్తొస్తుంది. ఊళ్లోవాళ్లకు నాపరాయి కూడా! గనుల్లోంచి వచ్చిన రాయి రంపపు చక్రం కింద పలకలై, పాలిష్‌ పట్టించుకుని లారీలెక్కుతుంది. పల్లెల్లో నూర్పిళ్లొస్తే బెల్టు యంత్రాలు తిరుగుతుంటాయి. ఆ చక్రాలకు రాయికీ ముంజేతికీ తేడా తెలియదు.

ప్రమాదం జరిగిన రోజు ఊరంతా పరుగెత్తుకొస్తుంది. ఆ తర్వాతి ఇరవయ్యేళ్ల సంగతి మాత్రం ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది.

తెగిన చేతిని అతికించడం ఇప్పుడు కొత్త కాదు. 1962లో అమెరికాలోని బోస్టన్‌లో, రైలు ప్రమాదంలో చెయ్యి తెగిపోయిన పన్నెండేళ్ల కుర్రాడికి తొలిసారి తిరిగి అతికించారు. కాకపోతే, కండ ఉన్న భాగం రక్తం అందకుండా ఆరు గంటలకు మించి తట్టుకోవడం కష్టం. చల్లగా ఉంచితే ఇంకొంత సమయం చిక్కుతుంది. అందుకే తెగిన భాగాన్ని తడి చేసిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్‌ సంచిలో పెట్టి, ఆ సంచిని ఐసు మీద ఉంచాలి. ఐసు నేరుగా తగలకూడదు. కాస్త చర్మంతో వేలాడుతుంటే దాన్ని కోసేయకూడదు. కర్నూలుకో హైదరాబాదుకో ఉన్న దూరాన్ని తలచుకుంటే ఆ గంటలు ఎంత తక్కువో అర్థమవుతుంది.

అతికిందనుకోండి... కథ అక్కడే మొదలు. తెగిన నరం రోజుకు సుమారు ఒక్క మిల్లీమీటరు పెరుగుతుంది. ముంజేతి మధ్య నుంచి వేలి కొసకు 30 సెంటీమీటర్లనుకుంటే పది నెలలు! ఈలోగా వేడి గిన్నె పట్టుకున్నా కాలిన సంగతి తెలియదు. చల్లదనమైతే మరీ పగ. కార్తీకంలో యాగంటి కోనేట్లో ముంచితే ఆ చెయ్యి జివ్వున లాగుతుంది. వేళ్లు బిగుసుకుపోతాయి. చూసేవాళ్లకు మాత్రం చెయ్యి చెయ్యిలాగే ఉంటుంది. ‘బాగానే ఉందిగా, పనికి పోరాదా’ అనేస్తారు.

చెయ్యి దక్కనివాళ్లది మరో చిత్రం. లేని వేళ్లు నొప్పి పుడతాయి, పిడికిలి బిగిసినట్టుంటుంది. ఇది పిచ్చి కాదు, గాలి సోకడం అంతకంటే కాదు. మెదడులో ఆ చేతికి కేటాయించిన చోటు అలాగే ఉండిపోతుంది. తమిళనాడులో పుట్టిన నాడీ శాస్త్రవేత్త వి.ఎస్‌.రామచంద్రన్‌ 1990ల్లో దీనికి అద్దం ఉపాయం చెప్పారు. రెండు చేతుల మధ్యా అద్దం నిలబెట్టి, బాగున్న చేతి ప్రతిబింబాన్ని చూస్తూ మెల్లగా వేళ్లు విప్పడం... అంతే. అందరికీ పనిచేయదు గానీ ఖర్చు ఒక అద్దమే!

మిగిలిన చెయ్యి ఇద్దరి చాకిరీ చేస్తుంది. కొన్నేళ్లకు దాని భుజం, మెడ, మణికట్టు మొరాయిస్తాయి. జొన్నరొట్టె తట్టాలంటే రెండు చేతులూ కావాలి. సంగటి కెలకాలంటే ఒకటి గిన్నెను పట్టుకోవాలి, ఒకటి కట్టె తిప్పాలి. పోయింది కుడిచెయ్యైతే పంక్తి భోజనానికి కూర్చోవడమే మొహమాటం. ఎడమచేత్తో తాంబూలం అందుకోలేక పెళ్లిళ్లకు పోవడం మానుకుంటారు. ఈ బాధకు మందుల చీటీ రాసేవాళ్లు లేరు.

మరి కృత్రిమ హస్తం? కాన్పూరులోని ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో తయారుచేస్తుంది. మిగిలిన కండరాల సంకేతాలతో కదిలే ఖరీదైన రకాలూ వచ్చాయి. కానీ మే నెల ఎండలో తొడుగులో చెమట పట్టి చర్మం ఒరుసుకుపోతే, అది గోడకున్న మేకుకే అలంకారమవుతుంది.

ప్రమాదం పని చోట జరిగితే పరిహారం హక్కు. 1923 నాటి కార్మిక పరిహార చట్టం చెయ్యి పోతే సంపాదన శక్తిలో 60 శాతం నష్టంగా లెక్కగట్టింది. మోచేతి కొస కింద నాలుగున్నర అంగుళాలైనా మిగలకపోతే 70 శాతం. రాష్ట్రంలో 2024 జులై నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలైంది. దానికి కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం కావాలి.

అతికిన చెయ్యి ఉన్నవాళ్లు ‘మాకెందుకిస్తారులే’ అని శిబిరానికి పోకుండా ఊరుకోవద్దు. 2001లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు చెయ్యి ఉందా లేదా అన్నదొక్కటే చూడలేదు. చేత్తో తినగలరా, తల దువ్వుకోగలరా, చొక్కా బొత్తాం పెట్టుకోగలరా, పంచె కట్టుకోగలరా, గ్లాసెత్తి నీళ్లు తాగగలరా అని ఒక్కొక్కటీ చేయించి చూడమన్నాయి.