ఎం.ఆర్.ఐ. గది గడప దాటే ముందు

వైద్యులు ఎం.ఆర్.ఐ. పరీక్ష వ్రాసి ఇచ్చినప్పుడు చాలామంది దానిని ఎక్స్‌రే వంటిదని భావిస్తారు. ఈ పరీక్షలో ఎక్స్ కిరణాలు ఉండవు. శక్తిమంతమైన అయస్కాంతం, రేడియో తరంగాల సహాయంతో శరీరం లోపలి భాగాల చిత్రాలు తీస్తారు. కనుక ఇక్కడ ముఖ్యంగా జాగ్రత్త పడవలసినది లోహం విషయంలో.

2018 జనవరి 27న ముంబయిలోని నాయర్ ఆసుపత్రిలో, రోగికి తోడుగా వచ్చిన 32 ఏళ్ల బంధువు ఆక్సిజన్ సిలిండరుతో ఎం.ఆర్.ఐ. గదిలోకి ప్రవేశించారు. అయస్కాంతం సిలిండరుతోపాటు ఆయననూ యంత్రం వైపు లాగివేసింది. ఆయన ప్రాణాలు కోల్పోయారు. యంత్రం ఆపివేసి ఉన్నదని తమకు చెప్పినట్లు కుటుంబ సభ్యులు తెలిపారు.

అయస్కాంతం ఎల్లప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది

ఆసుపత్రులలో సాధారణంగా 1.5 లేదా 3 టెస్లాల యంత్రాలు ఉంటాయి. 1.5 టెస్లాలంటే భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు 30,000 రెట్లు. సున్నా కంటే 269 డిగ్రీలు తక్కువగా ఉండే ద్రవ హీలియంలో మునిగిన తీగచుట్టలు ఈ శక్తిని నిలిపి ఉంచుతాయి. పరీక్ష జరగకున్నా, శబ్దం వినిపించకున్నా, రాత్రివేళ గది నిర్మానుష్యంగా ఉన్నా ఆకర్షణ తగ్గదు. సిలిండరు, చక్రాల కుర్చీ, స్ట్రెచరు, కత్తెర, తాళపుచెవి వంటి ఇనుప వస్తువులు దగ్గరకు వచ్చిన క్షణంలోనే ఎగిరిపోగలవు. అత్యవసర మీట నొక్కితే హీలియం ఆవిరై అయస్కాంతం శక్తి కోల్పోతుంది. కానీ ఎగిరే వస్తువును ఆపగలిగేంత త్వరగా అది జరగదు.

ప్రవేశానికి ముందు

ఆభరణాలు, గడియారం, ఫోను, బ్యాంకు కార్డులు, వినికిడి యంత్రం, తీసిపెట్టగల కట్టుడు పళ్ళు, పిన్నీసులు, మొలతాడుకు కట్టిన తాయెత్తు బయటనే ఉంచవలెను. బంగారం, వెండి అయస్కాంతానికి అంటుకోకపోయినా వేడెక్కవచ్చు, చిత్రాన్ని చెడగొట్టవచ్చు. జరీ చీరకు బదులు ఆసుపత్రి ఇచ్చే దుస్తులు ధరించవలెను. మంగళసూత్రం తీయడానికి మనసొప్పని స్త్రీలు ఆ కాసేపు పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టుకొనవచ్చును. అది మన ఇళ్ళలో ఉన్న ఆచారమే. లోహపు పొర గల మందు పట్టీలు కాలిన గాయాలు కలిగించవచ్చు గనుక వాటి విషయం ముందే చెప్పవలెను.

ప్రశ్నాపత్రం అర్థం కాకుండా సంతకం చేయవద్దు

సిబ్బంది ఇచ్చే ప్రశ్నాపత్రం మీకు రాని భాషలో ఉంటే, తెలిసిన భాషలో చదివి వినిపించమని అడగండి. అందులో “ఇంప్లాంట్” అని ఉండవచ్చు. కాలిలో వేసిన రాడ్డు, గుండెలో స్టెంట్, పేస్‌మేకర్, మెదడు రక్తనాళానికి వేసిన క్లిప్పు, చెవిలో అమర్చిన కాక్లియర్ పరికరం, కాపర్-టి అన్నీ దాని కిందికే వస్తాయి. వీటిలో కొన్ని ఉన్నా పరీక్ష చేయవచ్చు. కొన్నింటికి షరతులు ఉంటాయి. కొన్ని ఉంటే చేయకూడదు. ఆ నిర్ణయం వైద్యులది, దాచకుండా చెప్పడం మన బాధ్యత. శస్త్రచికిత్స సమయంలో ఇచ్చిన పరికరపు కార్డును వెంట తీసుకువెళ్ళండి. లేతు యంత్రాలపైనో వెల్డింగ్‌లోనో పనిచేసి, ఎప్పుడైనా కంట్లో ఇనుప రజను పడి ఉంటే తప్పక చెప్పండి. గర్భం, మూత్రపిండాల వ్యాధి సంగతులు కూడా తెలపండి.

పరీక్ష సమయంలో

యంత్రం శబ్దం తీవ్రంగా ఉంటుంది. చెవులకు రక్షణ అడిగి పెట్టించుకోండి. చేతులను ఒకదానితో ఒకటి కలపకుండా, కాళ్ళు తగలకుండా పడుకోండి. చర్మం చర్మానికి తగిలినచోట కాలిన గాయాలు ఏర్పడే అవకాశం ఉంది. వేడిగా అనిపించినా, భయం కలిగినా చేతికిచ్చిన బెల్లు నొక్కండి.

తోడు వచ్చినవారికి

రోగికి జరిపే తనిఖీ గదిలోకి వెళ్ళే ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది. లోపల రోగికి హఠాత్తుగా అస్వస్థత కలిగినా ఎవరూ పరుగున వెళ్ళరాదు. సిబ్బంది ముందుగా రోగిని బయటకు తెచ్చి, ఆ తరువాతనే చికిత్స చేస్తారు. “యంత్రం ఆపే ఉంది, తీసుకురండి” అని ఎవరు చెప్పినా గడప వద్దనే నిలిచి టెక్నీషియన్‌ను అడగండి. ఆ ఒక్క ప్రశ్న ఒక ప్రాణాన్ని కాపాడగలదు.