తప్పు లారీదేనా?

రహదారిపై కారు, లారీ ఢీకొన్నాయని వినగానే మనలో అత్యధికులు ఇచ్చే తీర్పు ఒక్కటే: తప్పు లారీదే. లారీ డ్రైవర్లను అడిగితే ఈ తీర్పు తారుమారవుతుంది. లారీ ఎంత బరువు మోస్తున్నదో, ఎంత దూరంలో ఆగగలదో కారువారికి తెలియదని వారి వాదన. ఈ రెండు వాదాలను పరిశీలించడానికి ఛత్తీస్‌గఢ్‌లోని తిల్దా తగిన చోటు.

రాయపూర్–బిలాస్‌పూర్ రైలుమార్గంపై ఉన్న తిల్దా, నేవరా జంట ఊళ్లు. బియ్యపు మిల్లులకు ప్రసిద్ధి. చెంతనే బైకుంఠ్‌లో పెద్ద సిమెంటు కర్మాగారం కలదు. 2024–25 ఖరీఫ్ కాలంలో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం సేకరించిన ధాన్యం సుమారు 149 లక్షల టన్నులు. అది సహకార సంఘాల కేంద్రాలనుండి మిల్లులకు, మిల్లులనుండి బియ్యమై గిడ్డంగులకు చేరడానికి లారీయే ఆధారం. అదే దారిలో బడిపిల్లల సైకిళ్లు, ట్రాక్టర్లు, మోటారు సైకిళ్లు సాగిపోతుంటాయి. సమీపంలోని సిమ్గా మీదుగా వెళ్లే 30వ నెంబరు జాతీయ రహదారి రాయపూర్, కేశ్‌కాల్ ఘాట్, జగదల్‌పూర్, సుక్మా, కుంట, భద్రాచలం దాటి విజయవాడ చెంతనున్న ఇబ్రహీంపట్నం చేరుతుంది. కనుక అక్కడి లారీ మనకు పరాయిది కాదు.

ముందుగా కారువారి సంగతి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. అపాయాన్ని గ్రహించి బ్రేకుపై కాలు పెట్టేలోగానే ఆ దూరం గడిచిపోతుంది. ఆపైన, గాలి బ్రేకులున్న లారీలో ఒత్తిడి గొట్టాల గుండా చక్రాలకు చేరడానికి మరికొంత సమయం కావాలి. ఇది తెలియక లారీ ముందున్న ఖాళీని చూసి కారును అందులో దూర్చేవారున్నారు. ఆ ఖాళీ డ్రైవరు బద్ధకం వల్ల ఏర్పడినది కాదు, అతడు ఆగడానికి దాచుకొన్న చోటు.

డ్రైవర్ల అభిప్రాయాలన్నీ సరియైనవని కూడా అనలేము. ఘాట్‌లో న్యూట్రల్‌లో దిగితే డీజిలు మిగులుతుందన్నది చాలామంది నమ్మకం. నేటి ఇంజన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలినచో ఇంధనం దాదాపుగా ఆగిపోతుంది, ఇంజను బండిని వెనుకకు పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో ఆ పట్టు పోయి భారమంతా బ్రేకులపై పడుతుంది, అవి వేడెక్కి పట్టు సడలుతాయి. అలాగే చెడిపోయిన లారీ వెనుక రాళ్లు, చెట్టుకొమ్మలు పెట్టి, బాగుకాగానే వాటిని అక్కడే వదిలిపోవడం ఎన్నాళ్లనుండో ఉన్న దురలవాటు. ఆ రాత్రి మోటారు సైకిలుపై వచ్చేవానికి ఆ రాయి కనిపించదు.

పల్లెల్లో మరొక అభిప్రాయం బలంగా ఉన్నది. శుభకార్యానికి సరకు బండి మాట్లాడుకుంటే ఖర్చు కలిసివస్తుందని. 2025 మే 11 రాత్రి రాయపూర్–బలోదాబజార్ మార్గంలో సారాగావ్ వద్ద, వేడుకకు వెళ్లి తిరిగివస్తున్నవారి సరకు బండి ట్రైలరును ఢీకొని 13 మంది మరణించారు. వారిలో అత్యధికులు స్త్రీలు, పిల్లలు. ఆ బండిని మాట్లాడుకొన్న పేదలను నిందించడం తేలిక. రాత్రివేళ ఆ ఊళ్లకు బస్సు ఉన్నదా అని అడిగేవారు తక్కువ.

ఇక అసలు సమస్య నిద్ర. 2017 జూలైలో జి.ఎస్.టి. రావడంతో రాష్ట్ర సరిహద్దుల వాణిజ్యపన్ను చెక్‌పోస్టులు తొలగాయి. 2021 ఫిబ్రవరినుండి ఫాస్టాగ్ తప్పనిసరియై టోలు గేట్ల వద్ద జాప్యం తగ్గింది. రోడ్డుపై మిగిలిన కాలం మాత్రం గిడ్డంగి గేటు వద్ద హరించుకుపోతున్నది. ఉదయం వచ్చిన లారీ కాటా వద్ద, ఆపై హమాలీల కొరకు, ఆపై రసీదు కొరకు నిలబడి సాయంకాలం బయటపడుతుంది. ట్రిప్పు లెక్కన జీతం అందుకొనే డ్రైవరు కోల్పోయిన పగటిని రాత్రి నడిపి పూడ్చుకుంటాడు. తెల్లవారుజామున రెండు, అయిదు గంటల మధ్య శరీరం నిద్రను కోరుతుంది. టీ దానిని కాసేపు వాయిదా వేయగలదు, అంతే. రవాణా కార్మికునికి రోజుకు ఎనిమిది గంటల పని, అయిదు గంటల కొకసారి అరగంట విశ్రాంతి ఉండాలని 1961 నాటి చట్టమే నిర్దేశించింది. గేటు వద్ద గడిచే కాలం విశ్రాంతియా, పనియా? వరుస కదిలినప్పుడల్లా లేచి బండిని ముందుకు జరపవలసినవాడు నిద్రపోయినట్లెట్లు? ప్రమాదాల లెక్కలలో 'డ్రైవరు నిర్లక్ష్యం' అని వ్రాసేచోట ఈ నిరీక్షణకు గడి లేదు.

2024 జనవరిలో డ్రైవర్లు దేశవ్యాప్తంగా బండ్లు ఆపారు. ప్రమాదం చేసి, తెలుపకుండా పారిపోయినచో పదేండ్ల వరకు శిక్ష విధించే న్యాయ సంహిత నిబంధన వారి ఆందోళనకు కారణం. నిలబడితే జనం కొడతారు, వెళ్లిపోతే చట్టం పట్టుకుంటుందని వారి మొర. అదే ఏడాది జూలై 1న సంహిత అమలులోకి వచ్చినప్పుడు ఆ ఉపనిబంధనను ప్రక్కన ఉంచారు. గాయపడినవానికి తక్షణం సాయం అందవలసినదే, అందులో రెండో మాట లేదు. అయితే గుమిగూడినవారి చేయి డ్రైవరుపై లేచినంతకాలం అతడు ఆగుతాడని ఆశించడం అత్యాశ.

గేట్లు, కాటాలు మన వంటి సంస్థల చేతిలోనివే. లారీ రాకకు ముందుగా వేళ కేటాయించడం, వంతును బోర్డుపై వ్రాయడం, వరుస ప్రక్కనే మరుగుదొడ్డి, త్రాగునీరు ఉంచడం అంత వ్యయమయ్యే పనులు కావు. 2025 అక్టోబరు 1 తరువాత తయారయ్యే భారీ లారీలకు ఏ.సి. క్యాబిన్ తప్పనిసరి చేశారు. అంతకుముందు తయారైన బండ్లు ఇంకా ఎన్నో ఏండ్లు తిరుగుతాయి. మే నెల మధ్యాహ్నం వాటి డ్రైవర్లు ఇంజను వేడిని తప్పించుకొని, గేటు ప్రక్క నీడను వెదుక్కుంటూ, లారీ క్రిందనే తువ్వాలు పరచుకొంటున్నారు.